మాట చాలదు, పద్దు చెప్పండి, తేదీ చెప్పండి: అమెరికా కాంగ్రెస్ అభ్యర్థులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అభ్యర్థులకు,

నమస్కారం. 2026 నవంబర్ 3న జరిగే ఎన్నికల్లో మీరు అమెరికా ప్రతినిధుల సభకో, సెనేట్‌కో పోటీ చేస్తున్నారు. మీలో కొందరు తెలుగువాళ్లే. కానివాళ్లు కూడా ఉగాది సభకో, బతుకమ్మ ఆటకో వచ్చి, మెడలో కండువా వేయించుకుని, నాలుగు మాటలు మాట్లాడి వెళ్తున్నారు. ఆ నాలుగు మాటలూ హెచ్-1బీ గురించి, గ్రీన్‌కార్డు వరుస గురించి, పన్నుల గురించి ఉంటాయి. అవి మాకూ అవసరమే. అయితే గెలిచాక మీ చేతికొచ్చే అధికారాల్లో ఇంకొకటుంది. ప్రపంచంలో అందరికంటే పేదవాళ్ల దాకా మందు, తిండి, టీకా చేరతాయో లేదో తేల్చే పద్దుల మీద మీరు ఓటేస్తారు. దాని గురించి మీరు వేదికల మీద మాట్లాడరు. మావాళ్లూ అడగరు.

మేం ఆ పద్దుల గురించి చట్టసభ సభ్యుల కార్యాలయాలతో మాట్లాడే తెలుగు స్వచ్ఛంద కార్యకర్తలం. ఏ పార్టీ తరఫునా పనిచేయం. ఇంగ్లిష్ ప్రతి మీ ప్రచార కార్యాలయాలకు విడిగా అందుతుంది. తెలుగులో అందరి ముందూ పెట్టడం ఎందుకంటే, మీ నియోజకవర్గంలోని తెలుగు ఓటర్లు కూడా ఇవే అంకెలు పట్టుకుని మిమ్మల్ని అడగాలని.

పేదరికం పోవాలని మీరు అనకపోవడం ఉండదు. అందరూ అంటారు. మాకు కావలసింది ఏ పద్దుకు ఎంత, ఏ తేదీలోపు, ఆగిపోతే మీరేం చేస్తారు అన్న మూడు జవాబులు.

ముందు కొలత సంగతి. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తీవ్ర పేదరికపు గీతను రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చింది. ఈ గీత కింద 2025లో సుమారు 80.8 కోట్ల మంది ఉన్నారని దాని అంచనా. చాలామంది పొరబడేది ఇక్కడే. మూడు డాలర్లను బ్యాంకు మారకపు రేటుతో గుణించి, రెండొందల యాభై రూపాయలా, ఫరవాలేదే అనుకుంటారు. ఇవి ఆ డాలర్లు కావు. అమెరికాలో మూడు డాలర్లకు ఎంత సరుకు వస్తుందో అంత సరుకు ఆ దేశంలో కొనడానికి పట్టే డబ్బు ఇది. భారత్‌లో 2021 ధరల్లో అది అరవై పైచిలుకు రూపాయలు. తిండి, అద్దె, మందు, బస్సు చార్జీ అన్నీ అందులోనే తేలాలి.

ఇదే గీతతో కొలిస్తే భారత్‌లో 2011-12లో 27.1 శాతంగా ఉన్న పేదరికం 2022-23 నాటికి 5.3 శాతానికి దిగింది. సర్వే పద్ధతుల మీద ఆర్థికవేత్తల తగవు తెగలేదు గానీ, తగ్గిందన్న విషయంలో తగవు లేదు. మిగిలినవాళ్లలో అత్యధికులు ఇప్పుడు సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఉన్నారు. కాంగో, నైజీరియా లాంటి దేశాల్లో యుద్ధం, అప్పు, జనాభా పెరుగుదల మూడూ ఒకేచోట కలిశాయి. ఉద్యోగాలు పెరిగితే పేదరికం అదే పోతుందన్న సూత్రం అక్కడ ఇంకా పని చేయడం లేదు. పిల్లవాడు ఐదేళ్లు బతికి, బడికి వెళ్లే ఒంటితో ఉంటే ఆ తర్వాత ఉద్యోగాల మాట.

ఇక డబ్బు సంగతి. 2023 ఆర్థిక సంవత్సరంలో అమెరికా విదేశీ సాయం దాదాపు 7,200 కోట్ల డాలర్లు. మొత్తం సమాఖ్య ఖర్చులో 1.2 శాతం. అందులో ఉక్రెయిన్‌కు ఇచ్చింది, సైనిక సాయం కింద పోయింది కూడా కలిసే ఉన్నాయి. అమెరికన్లను సర్వేల్లో అడిగితే సగటున పాతిక శాతం దాకా ఉంటుందని చెబుతారు. మీ ప్రచార సభలో ఎవరైనా "మన డబ్బంతా బయటి దేశాలకు పోతోంది" అంటే, అతన్ని కోప్పడక్కర్లేదు, ఆ 1.2 చెప్పండి చాలు. తెలిసి కూడా చెప్పకుండా నవ్వి ఊరుకునే అభ్యర్థి మీదే మాకు కోపం.

2025లో జరిగింది మీకు తెలుసు, అయినా వరుసగా చెప్పుకోవాలి. ఎందుకంటే మేం అడుగుతున్నవన్నీ ఆ వరుసలోంచే వచ్చాయి. జనవరి 20న విదేశీ సాయం మొత్తాన్ని 90 రోజులు నిలిపేస్తూ ఆదేశం వచ్చింది. ప్రాణాలు కాపాడే పనులకు మినహాయింపు అని జనవరి 28న ఇంకో కాగితం వచ్చింది. కాగితం ఉంది, డబ్బు కదల్లేదు. ఎందుకంటే చెల్లింపులు నొక్కాల్సిన సిబ్బందిని ఆ రోజుల్లోనే సెలవు మీద పంపారు, చెల్లింపుల వ్యవస్థ స్తంభించింది, ఏ పని మినహాయింపు కిందకి వస్తుందో చెప్పే అధికారి కుర్చీలో లేడు. మార్చి 10న, విదేశీ సాయం పంచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేసినట్టు ప్రకటించారు. జూలై 1 నాటికి, 1961లో పుట్టిన ఆ సంస్థ పని ఆగిపోయి, మిగిలిన ముక్క విదేశాంగ శాఖలో కలిసింది. జూలై 24న, కాంగ్రెస్ అంతకు ముందు తానే ఆమోదించిన డబ్బులోంచి సుమారు 900 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకునే చట్టం మీద సంతకం పడింది. అందులో సింహభాగం విదేశీ సాయమే. ఆగస్టు చివర్లో మరో 490 కోట్ల డాలర్లను రద్దు చేస్తామని అధ్యక్ష భవనం కాంగ్రెస్‌కు నోటీసు పంపింది. 1974 చట్టం ప్రకారం అలాంటి నోటీసు మీద కాంగ్రెస్‌కు 45 రోజుల గడువుంటుంది. ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. 45 రోజులు పూర్తికాకముందే డబ్బుకే కాలం చెల్లుతుంది. ఓటు అక్కర్లేకుండానే పద్దు రద్దు. దీన్నే పాకెట్ రిసిషన్ అంటున్నారు. ఇది చట్టవిరుద్ధమని కాంగ్రెస్ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ చెప్పింది. అయినా సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని ఆపి ఉంచడానికి అనుమతించింది.

ఆ జూలై చట్టంలోనే ఇంకో సంగతి జరిగింది. మొదటి ముసాయిదాలో పెప్‌ఫార్ అనే హెచ్‌ఐవీ కార్యక్రమానికి 40 కోట్ల డాలర్ల కోత ఉంది. సెనేట్‌లో అధికార పార్టీ వాళ్లే కొందరు అడ్డం తిరిగారు. ఆ కోత ముసాయిదాలోంచి ఎగిరిపోయింది. తుది ఓటింగ్ సెనేట్‌లో 51-48, ప్రతినిధుల సభలో 216-213. ఒక్క సభ్యుడి మాటకు ఏం విలువ అని అడిగేవాళ్లకు ఈ అంకెలు చూపిస్తాం.

డబ్బు కాస్త ఆలస్యమైతే ఏమవుతుందిలే, తర్వాత ఇస్తాం కదా అని వాషింగ్టన్‌లో తరచూ వినిపిస్తుంది. రోడ్డు వేసే పని ఆర్నెల్లు ఆగితే రోడ్డు ఆర్నెల్లు ఆలస్యంగా వస్తుంది. కింది మూడు పనులు అలా కావు.

మొదటిది మలేరియా. సహారా దిగువన సహెల్ ప్రాంతంలో, అంటే మాలీ, నైజర్, బుర్కినా ఫాసో, ఉత్తర నైజీరియాల్లో, మలేరియా ఏడాది పొడుగునా ఉండదు. వానాకాలం నాలుగైదు నెలలే విరుచుకుపడుతుంది. అందుకని 3 నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలందరికీ, జబ్బు ఉన్నా లేకపోయినా, జూలై నుంచి నెలకొక విడత చొప్పున నాలుగైదు విడతలు మందు ఇస్తారు. ఒక్కో విడత మూడు రోజులు. మొదటి రోజు సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్, అమోడయాక్విన్ రెండూ ఆరోగ్య కార్యకర్త చేతుల మీదుగా. రెండో రోజు, మూడో రోజు అమోడయాక్విన్ ఒక్కటే, తల్లి ఇంట్లో నీళ్లలో కలిపి తాగిస్తుంది. పిల్లవాడు అరగంటలోపు కక్కేస్తే మళ్లీ ఇవ్వాలి, కాబట్టి అదనపు మోతాదులు సంచిలో ఉండాలి. ఒక పిల్లవాడికి సీజన్ మొత్తానికి ఐదారు డాలర్లు అవుతుంది. సరిగ్గా నడిస్తే నాలుగు మలేరియా జ్వరాల్లో మూడు రాకుండా ఆపుతుంది. 2023లో 5 కోట్లకు పైగా పిల్లలకు ఇది అందింది. ఇప్పుడు డబ్బు జూన్‌లో రావాల్సింది సెప్టెంబర్‌లో వచ్చిందనుకోండి. మందు గోదాంలో భద్రంగా ఉంటుంది, లెక్కల్లో "నిధులు విడుదల" అని ఉంటుంది, వానాకాలం అయిపోయి ఉంటుంది. వరినాట్లు అయిపోయాక కాలువకు నీళ్లు వదిలినట్టు. 2023లో మలేరియాతో 5,97,000 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది ఐదేళ్లలోపు ఆఫ్రికా పిల్లలు. దోమతెరల లెక్కా ఇలాంటిదే. తెర ఖరీదు రెండు మూడు డాలర్లు, దాని మందు పట్టు మూడేళ్లు. మూడో ఏడు పంపకం తప్పితే ఇంట్లో తెర వేలాడుతూనే ఉంటుంది, దోమ చావదు.

రెండోది ఆకలి. మన అంగన్‌వాడీల్లో పిల్లల జబ్బకు చుట్టే రంగుల టేపు చాలామంది చూసే ఉంటారు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకన్నా తక్కువుంటే ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. అలాంటి బిడ్డకు మామూలు అన్నం, జావ చాలవు. పేగులు అరిగించుకోలేవు, చిన్న విరేచనాలకే ప్రాణం పోతుంది. వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి పొట్లాల్లో నింపిన చికిత్సా ఆహారం ఒకటుంది. పొట్లం 92 గ్రాములు, 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు కాబట్టి మురికినీటి బెడద లేదు. వండక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, రెండేళ్లు నిలవ ఉంటుంది. బిడ్డ బరువును బట్టి రోజుకు రెండు మూడు పొట్లాలు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. సుమారు 150 పొట్లాలు పట్టే అట్టపెట్టె ఒక బిడ్డ చికిత్స. పెట్టె 40 నుంచి 50 డాలర్లు. 2022 లెక్కల్లో ఎత్తుకు తగ్గ బరువు లేక తీవ్రంగా చిక్కిపోయిన ఐదేళ్లలోపు పిల్లలు 1.36 కోట్లు.

అమెరికాలో దీన్ని తయారుచేసే లాభాపేక్ష లేని కర్మాగారాలు రెండు: ఒకటి రోడ్ ఐలండ్‌లో, ఒకటి జార్జియాలోని ఫిట్జెరాల్డ్‌లో. జార్జియాలో పోటీ చేస్తున్న అభ్యర్థులు ఈ ముక్క మరోసారి చదవాలి. దేశంలో వేరుశనగ ఎక్కువగా పండేది మీ రాష్ట్రంలోనే. 2025లో ఆర్డర్లు రద్దయ్యాయి, కొన్ని మళ్లీ వచ్చాయి, తయారైన పెట్టెలు గోదాముల్లో పేరుకున్నాయి. ఆర్డరు ఇచ్చిన రోజు నుంచి పెట్టె ఓడెక్కి, రేవులో దిగి, కస్టమ్స్ దాటి, లారీలో జిల్లా కేంద్రానికి చేరడానికి నెలలు పడుతుంది. అందువల్ల ఫిబ్రవరిలో ఆపిన ఆర్డరు ప్రభావం ఫిబ్రవరిలో కనపడదు. పంట చేతికి రాకముందు ఇళ్లలో గింజ నిండుకునే నెలల్లో, క్లినిక్‌లో అలమర ఖాళీగా ఉన్నప్పుడు కనపడుతుంది. అప్పటికి వాషింగ్టన్‌లో అందరూ వేరే వార్తలో ఉంటారు.

దుబాయ్ గోదాం కథ పత్రికల్లో వచ్చింది. పిల్లల కోసం సుమారు 8 లక్షల డాలర్లకు కొన్న దాదాపు 500 టన్నుల పోషక బిస్కెట్లు గడువు తీరిపోయాయి. వాటిని ఎక్కడికి పంపాలో సంతకం పెట్టే వ్యవస్థ కూలిపోవడమే కారణం. నాశనం చేయడానికి మరో లక్షా 30 వేల డాలర్లు ఖర్చు. దుబారా తగ్గిస్తామని మొదలైన పనిలో ఇది జరిగింది. దుబారాను అసహ్యించుకునే అభ్యర్థులు ముందుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి: గోదాంలో ఉన్న సరుకును గడువులోపు పంపే అధికారం ఎవరికి, ఎన్ని రోజుల్లో, అని చట్టంలో రాస్తారా?

మూడోది హెచ్‌ఐవీ. 2003లో అధ్యక్షుడు జార్జి బుష్ ఐదేళ్లకు 1,500 కోట్ల డాలర్లతో పెప్‌ఫార్‌ను ప్రతిపాదించారు, రెండు పార్టీలూ ఓటేశాయి. రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిపిందని అమెరికా ప్రభుత్వమే చెప్పుకుంది. 2024 సెప్టెంబర్ నాటికి దాని సాయంతో మందు తీసుకుంటున్నవాళ్లు 2 కోట్ల పైచిలుకు. రోజుకు ఒకే మాత్ర. వేసుకుంటున్నంత కాలం వైరస్ అణిగి ఉంటుంది, లైంగికంగా ఇతరులకు సోకదు. ఆపితే కొన్ని వారాల్లోనే తిరగబెడుతుంది. గర్భిణి మందు లేకుండా ఉంటే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందు సాగితే 5 శాతం లోపు. ఇక్కడ బయటికి కనపడని నష్టం ఒకటుంది. సరఫరా నమ్మకంగా ఉన్నప్పుడు క్లినిక్‌లు మూడు నెలలకో ఆర్నెల్లకో సరిపడా మాత్రలు ఒకేసారి ఇస్తాయి. సరఫరా మీద అనుమానం పుట్టగానే నెలకు సరిపడానే ఇస్తాయి. రోగి నెలనెలా కూలి మానుకుని, చార్జీలు పెట్టుకుని రావాలి. ఒక నెల రాడు. పద్దు పూర్తిగా రద్దు కాలేదు, మందు "అందుబాటులోనే" ఉంది, రోగి మాత్రం జారిపోయాడు. పెప్‌ఫార్‌ను నడపడానికి అనుమతినిచ్చే అధీకృత చట్టం గడువు 2025 మార్చి 25న ముగిసింది. ఏటేటా కేటాయింపులతో బండి నడపవచ్చు. కానీ పద్దు ఎప్పుడు ఆగుతుందో తెలియని దేశం, నర్సుల జీతాలు తన బడ్జెట్‌లోకి ఎప్పుడు తెచ్చుకోవాలో ఎలా లెక్క కడుతుంది?

తెలుగువాళ్లకు ఇందులో ఏం పని అని మావాళ్లలోనే కొందరు అడుగుతారు. ఆఫ్రికాలో కోట్లమంది వేసుకునే ఆ మాత్రల్లో పెద్ద భాగం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న హెటెరో, అరబిందో, లారస్ లాంటి కంపెనీలవి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పెప్‌ఫార్ కోసం జనరిక్ మందులకు ప్రత్యేక అనుమతి దారి తెరిచాక, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర ధర దిగుతూ దిగుతూ 2023లో మనిషికి ఏడాదికి 45 డాలర్ల లోపుకు వచ్చింది. ఆర్నెల్లకొకసారి వేసుకునే నివారణ ఇంజెక్షన్ లెనకాపవిర్‌కు అమెరికాలో ఏడాది ధర 28 వేల డాలర్లకు పైన. దాని జనరిక్‌ను 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి 40 డాలర్ల దగ్గర ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ముందుకొచ్చిన రెండు కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా భారత్ బయోటెక్‌ది; దాన్ని, పేద దేశాలకు టీకాలు అందేలా చూసే అంతర్జాతీయ సంస్థ గావీ సాయంతో 2019లో మొట్టమొదట తన సాధారణ టీకాల పట్టికలో చేర్చుకున్న దేశం పాకిస్తాన్. హైదరాబాద్ కంపెనీలకు ఆర్డర్లు ఇప్పించమని మేం అడగడం లేదు, వాళ్ల లాబీ వాళ్లు చేసుకుంటారు. ఈ తక్కువ ధరలన్నీ పెద్ద మొత్తంలో, ముందుగా, నమ్మకంగా వచ్చే ఆర్డర్ల మీద నిలబడ్డాయని మాత్రం గుర్తుంచుకోండి. పద్దు ఊగితే ధర ఊగుతుంది.

మేం సాయం తీసుకున్న వైపు నుంచి కూడా వచ్చినవాళ్లమే. అమెరికా 1954లో చేసిన ఆహార సాయపు చట్టం పీఎల్-480 కింద వచ్చిన గోధుమలు తిన్న తరం మా ఇళ్లలో ఇంకా ఉంది. 2000లో శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం వెలుగు నడిచింది, పేద దేశాలకు చౌక అప్పులిచ్చే ప్రపంచ బ్యాంకు విభాగమైన ఐడీఏ అప్పుతో. భారత్ 2014లో ఐడీఏ రుణగ్రహీతల జాబితా దాటింది, తర్వాత తానే దానికి డబ్బిచ్చే దేశాల వరుసలో చేరింది. గావీలో కూడా తీసుకునే చెయ్యి, ఇచ్చే చెయ్యి రెండూ ఉన్న దేశం భారత్. సాయం శాశ్వతంగా సోమరుల్ని చేస్తుందనే వాదనకు ఈ ఉదాహరణలు అడ్డం. పైగా గావీలో బయటపడే మెట్లు ముందే కట్టి ఉన్నాయి: మరీ పేద దేశం కూడా ఒక్కో మోతాదుకు 20 సెంట్లు తన ఖజానాలోంచి కట్టాలి, ఆదాయం పెరిగేకొద్దీ వాటా పెరుగుతుంది, చివరికి మొత్తం తనదే. ఒకప్పుడు తీసుకున్న ఇండోనేషియా ఇప్పుడు ఇస్తోంది. అలాంటి సంస్థకు అమెరికా ఇక డబ్బివ్వదని 2025 జూన్‌లో ఆరోగ్య మంత్రి కెనెడీ ప్రకటించారు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అని తెలుగు అభ్యర్థులు ఒకరిద్దరు తప్పకుండా అంటారు. 1.2 శాతం ఆపితే ఇంట గెలుపు వస్తుందా అన్నది లెక్క. 2025లో ఆపారు; ఆ డబ్బుతో ఏ రాష్ట్రంలో ఎవరి మెడికెయిడ్ (పేదల ఆరోగ్య బీమా) పెరిగిందో మాకు చూపించండి.

అయితే పాత పద్ధతి అంతా బంగారమని మేం అనం. యూఎస్‌ఎయిడ్ డబ్బులో స్థానిక సంస్థలకు నేరుగా చేరింది పదో వంతు దగ్గరే ఆగింది. తానే పెట్టుకున్న లక్ష్యం పాతిక శాతం. మిగతాది వాషింగ్టన్ చుట్టుపక్కల పెద్ద కాంట్రాక్టర్ల గుండా వెళ్లేది. ఆహార సాయంలో కనీసం సగం అమెరికా జెండా ఓడల్లోనే పోవాలన్న నిబంధన వల్ల గింజ కంటే ఓడ ఖర్చు బరువయ్యే సందర్భాలున్నాయి. పక్క దేశంలో జొన్నలు చవగ్గా దొరుకుతుంటే ఇక్కడి నుంచి ఓడెక్కించడం రైతు లాబీకి మేలు, ఆకలికి కాదు. వీటిని సంస్కరిస్తామంటే మేం మీ వెంట ఉంటాం. 2025 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ ప్రకటించిన కొత్త ఆరోగ్య వ్యూహంలో, దేశాల ప్రభుత్వాలతో నేరుగా ఒప్పందం చేసుకుని క్రమంగా బాధ్యత వాళ్లకే అప్పజెప్పడం అన్న ఆలోచనతో మాకు పేచీ లేదు. అప్పగింతకు పట్టే కాలం, ఆ లోపు మందు ఆగకుండా చూసే మనిషి, ఫలితం కొలిచే లెక్క ఉన్నాయా అన్నదే పేచీ. 1984 నుంచి 90 దేశాల్లో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమాన్ని కూడా 2025లో ఆపేశారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ కోవలోదే. ఎంతమంది పిల్లలు పోషకాహార లోపంతో ఉన్నారో కొలవకుండా, సాయం పనిచేయలేదని ఎలా నిరూపిస్తారు?

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. గెలిస్తే 2027 జనవరిలో ప్రమాణం చేస్తారు. అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన ఫిబ్రవరిలో రావాలి, తరచూ ఆలస్యమవుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో ప్రతి సభ్యుడూ కేటాయింపుల కమిటీకి తన కోరికలు రాసి పంపాలి. ఒక్కో పద్దుకు మద్దతుగా సభ్యులు కలిసి సంతకాలు పెట్టే డియర్ కొలీగ్ లేఖలు తిరిగేది అప్పుడే. సంతకానికి ఖర్చు లేదు. సంతకాలు ఎక్కువున్న పద్దును కోయడానికి కమిటీ సిబ్బంది వెనకాడతారు. కొత్త సభ్యులు ఇక్కడే తప్పిపోతారు: ఆఫీసు సర్దుకుని, విదేశీ వ్యవహారాలు చూసే సహాయకుణ్ణి పెట్టుకునేసరికి గడువు దాటుతుంది. కాబట్టి ఆ ఉద్యోగం జనవరిలోనే నింపండి, లేదా గడువుల పట్టిక ఎవరో ఒకరి మెడకు కట్టండి. వేసవిలో ఉపకమిటీ బిల్లును ముక్కముక్కగా తేలుస్తుంది. అక్టోబర్ 1కి పన్నెండు కేటాయింపుల బిల్లులు పాసవకపోతే తాత్కాలిక తీర్మానం వస్తుంది. దాని కింద నిరుటి స్థాయి ఖర్చే, కొత్త పని మొదలుపెట్టకూడదు. కొత్త టీకా, కొత్త ఇంజెక్షన్ లాంటివి అక్కడ ఇరుక్కుంటాయి.

పద్దుల విషయంలో మా కొలబద్ద 2024 ఆర్థిక సంవత్సరానికి కాంగ్రెస్ ఆమోదించిన స్థాయి: ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పనిచేసే అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్‌కు 165 కోట్ల డాలర్లు, మలేరియా కార్యక్రమానికి 79.5 కోట్లు, గావీకి 30 కోట్లు. ఇంతకు తగ్గకుండా సంతకం పెడతారా? పెప్‌ఫార్‌కు కనీసం ఐదేళ్ల అధీకృత చట్టానికి ఓటేస్తారా? ఆర్థిక సంవత్సరం ఆఖరి 90 రోజుల్లో పద్దు రద్దు నోటీసులు చెల్లవని చట్టం తెస్తామంటే అవునంటారా, కాదంటారా? కేటాయించిన డబ్బులో ఎంత కాంట్రాక్టులకు కట్టారో, ఎంత నిజంగా చెల్లించారో మూడు నెలలకోసారి పద్దువారీగా బయటపెట్టాలన్న షరతును బిల్లులో రాయిస్తారా? ఈ చివరిది చిన్నదిగా కనపడుతుంది గానీ, మాకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. డబ్బు ఆమోదం పొందాక అధ్యక్ష భవనపు బడ్జెట్ కార్యాలయం విడుదల చేయాలి, శాఖ ఒప్పందం రాయాలి, ఖజానా చెల్లించాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియకపోతే ఎవర్ని నిలదీయాలో తెలియదు.

దాటవేత జవాబులు మాకు కంఠతా వచ్చు, కాబట్టి వాటితో శ్రమపడకండి. "నేను ఎప్పుడూ పేదల పక్షమే" అనేది జవాబు కాదు. "సాయం తెలివిగా ఉండాలి" అంటే ఏ పద్దు తెలివి తక్కువదో పేరు చెప్పాలి. "అవతలి పార్టీ ఆపేసింది" అంటే మీరు ఆపకుండా ఏం చేశారో, ఏం చేస్తారో చెప్పాలి. "దీన్ని పరిశీలిస్తాను" అంటే ఏ తేదీకి అని అడుగుతాం.

తెలుగు సంఘాల వారికీ, ఓటర్లకూ కొన్ని మాటలు. మీ సంఘం 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా, నమోదైతే ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు. కానీ ఆ స్థానానికి పోటీ చేస్తున్న అందరినీ పిలిచి, అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే సమయం ఇచ్చి చర్చ పెట్టవచ్చు. ఒక్కరికే కండువా కప్పి మైకు ఇవ్వడంలోనే చిక్కుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఓటు వేయకూడదు, ప్రచారానికి చందా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు వాళ్లు చందా ఇవ్వవచ్చు, ఓటు లేదు. కానీ నియోజకవర్గంలో నివసించే ఎవరైనా ప్రతినిధి కార్యాలయానికి ఫోన్ చేయవచ్చు, కలవడానికి సమయం అడగవచ్చు. కలిస్తే ఒక పద్దు, ఒక అంకె, ఒక గడువు, ఇంతే అడగండి. పది విషయాలు చెబితే సహాయకుడు ఒక్కటీ రాసుకోడు. స్కూల్ బోర్డుకు, రాష్ట్ర చట్టసభకు పోటీ చేసేవాళ్లను ఈ ప్రశ్నలతో ఇబ్బంది పెట్టకండి. వాళ్ల చేతిలో ఈ పద్దులు లేవు.

అభ్యర్థులారా, జవాబు ఇంగ్లిష్‌లోనైనా తెలుగులోనైనా రాతపూర్వకంగా పంపండి. కొన్ని రాష్ట్రాల్లో పోస్టల్ బ్యాలెట్లు సెప్టెంబర్‌లోనే బయలుదేరతాయి కాబట్టి మాకు ఆగస్టు 31లోపు అందాలి. వచ్చిన జవాబులను మార్చకుండా, కత్తిరించకుండా, నియోజకవర్గాలవారీగా పక్కపక్కన పెట్టి తెలుగు ఓటర్లకు పంచుతాం. ఎవరికి ఓటేయాలో చెప్పం. జవాబు ఇవ్వని అభ్యర్థి పేరు ఎదుట "జవాబు రాలేదు" అని ఉంటుంది.

ఇట్లు,
తీవ్ర పేదరికంపై పనిచేస్తున్న అమెరికాలోని తెలుగు స్వచ్ఛంద కార్యకర్తలు